రైల్వే తంతికీ వీఆర్ కళ్లద్దాలకూ మూలపురుషుడు చార్లెస్ వీట్‌స్టోన్

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలలోని పాతతరం ఉద్యోగులకు బ్లాక్ పరికరం పరిచితమైనదే. లైన్ క్లోజ్డ్, లైన్ క్లియర్, ట్రైన్ ఆన్ లైన్ అనే మూడు స్థితులలో ఏది వర్తిస్తుందో అందులోని సూది చూపుతుంది. లైన్ క్లియర్ అందనిదే రైలు పక్క స్టేషనుకు బయలుదేరదు. మనుమల తరానికి తెలిసినవి వేరు. అవి కళ్లకు తగిలించుకుంటే మరో లోకాన్ని చూపే వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు. పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు పరికరాల వంశవృక్షాన్ని వెనక్కి వెదికితే ఒకే పేరు ఎదురవుతుంది. ఆయన ఆంగ్ల శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టోన్.

వాద్యాల దుకాణం నుంచి ఆచార్య పదవికి

వీట్‌స్టోన్ 1802 ఫిబ్రవరి 6న ఇంగ్లండులోని గ్లోస్టర్ సమీపంలో జన్మించారు. సంగీత వాద్యాల వ్యాపారం ఆ కుటుంబ వృత్తి. ఆయన కూడా లండన్‌లో పినతండ్రి దుకాణంలో ఆ పనే నేర్చుకున్నారు. 1821లో ఒక వాద్యాన్ని పైకప్పు నుంచి తీగతో వేలాడదీసి, ఎవరూ తాకకుండానే అది మోగుతున్నట్టు ప్రదర్శించారు. నిజానికి పై గదిలో వాయించిన వాద్యాల నాదమే ఆ తీగ వెంట కిందికి దిగివచ్చేది. ఒక చోటి సంకేతాన్ని తీగ ద్వారా మరో చోటికి చేరవేయడమనే ఆలోచన అప్పటి నుంచి ఆయనను వదలలేదు.

పెద్ద చదువులు లేకపోయినా, ప్రయోగాల బలంతో 1834లో లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్యులయ్యారు. సభలో నోరు విప్పడమంటే మాత్రం ఆయనకు మహాభయం. అందువల్ల ఆయన పరిశోధనలను రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదికపై పలుమార్లు మిత్రుడు మైకేల్ ఫారడే వివరించేవారు.

రైలు కంటే ముందుగా వార్త

1837లో విలియం కుక్‌తో కలిసి వీట్‌స్టోన్ సూదుల టెలిగ్రాఫ్‌కు పేటెంటు పొందారు. అదే ఏడాది జులై 25న లండన్‌లోని యూస్టన్, కామ్డెన్ టౌన్ మధ్య రైలు మార్గంలో దానిని పరీక్షించారు. 1839లో పాడింగ్టన్ నుంచి వెస్ట్ డ్రేటన్ వరకు 13 మైళ్ల దూరం ఆ తంతి పనిచేసింది. 1845లో స్లౌ వద్ద హత్య చేసి రైలెక్కిన ఒక నేరస్థుని ఆనవాళ్లు రైలు కంటే ముందే పాడింగ్టన్ చేరాయి. అతను పట్టుబడటంతో సామాన్యులకు కూడా తంతి మహిమ తెలిసివచ్చింది. మార్గాన్ని భాగాలుగా విభజించి, ఒక్కో భాగంలో ఒకే రైలు ఉండేలా తంతి సాయంతో నడపాలని కుక్ 1842లో ప్రతిపాదించారు. బ్లాక్ పద్ధతికి బీజం అదే.

రెండు కళ్లు ఎందుకు?

ఆయన వేసుకున్న మరో ప్రశ్న చాలా సరళమైనది. మనిషికి రెండు కళ్లు ఉండటం వల్ల ప్రయోజనమేమిటి? రెండు కళ్లకూ నడుమ కొద్దిపాటి దూరం ఉండటం వల్ల ఎదుటి వస్తువు ఒక్కో కంటికి కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును గ్రహిస్తుందని వీట్‌స్టోన్ గుర్తించారు. 1838 జూన్‌లో రాయల్ సొసైటీకి ఆ సిద్ధాంతాన్ని సమర్పించారు. దాన్ని రుజువు చేయడానికి రెండు అద్దాలను కోణంలో అమర్చి, కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి మరో బొమ్మ కనిపించేలా స్టీరియోస్కోప్‌ను రూపొందించారు. అప్పటికి ఛాయాచిత్ర కళ ఇంకా లోకానికి వెల్లడి కాలేదు. అందుకే ఆయన చేతిగీతలనే వాడారు. కాగితంపై చదునుగా ఉన్న గీతలు ఆ పరికరంలో ఘనాకృతులై నిలిచాయి.

తరువాత డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చేతిలో ఇమిడే నమూనాను రూపొందించారు. 1851 లండన్ మహాప్రదర్శనలో విక్టోరియా రాణిని ఆకర్షించింది ఆ నమూనాయే. ఇంటింటికీ చేరింది కూడా అదే. అసలు ఆవిష్కర్త ఎవరన్న విషయమై బ్రూస్టర్ పత్రికలలో వివాదం లేవదీశారు.

నేటి కళ్లద్దాలలోనూ ఉన్నది అదే సూత్రం. అద్దాలకు, గీతలకు బదులు సిలికాన్ చిప్‌పై నిర్మించిన తపాలా బిళ్లంత ఓఎల్ఈడీ మైక్రోడిస్‌ప్లేలు వచ్చాయి. సేంద్రియ పదార్థపు పలుచని పొరలు విద్యుత్తుతో వెలుగుతాయని కోడాక్ సంస్థ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో సమర్థంగా నిరూపించారు. ఇందులో ప్రతి బిందువూ తనంత తానుగా వెలుగుతుంది, ఆరిపోతుంది. వెనుక దీపం అవసరం లేదు. తెర కంటికి అతి చేరువలో ఉంటుంది గనుక బిందువులు అత్యంత సన్నగా ఉండాలి. 2024లో విడుదలైన ఆపిల్ విజన్ ప్రో కళ్లద్దాలలోని రెండు తెరలలో కలిపి 2 కోట్ల 30 లక్షల బిందువులున్నాయి.

ఇంతటి తెరలు వచ్చినా కంటి అలసట పూర్తిగా పోలేదు. దృశ్యంలోని వస్తువు దగ్గరకు వచ్చినప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి. కంటి కటకం మాత్రం ఒకే దూరంపై కేంద్రీకరించి ఉండాలి. సహజంగా జతగా సాగే ఈ రెండు చర్యలూ అక్కడ విడిపోతాయి. కళ్ల మలుపును ఇతర సూచనల నుంచి వేరుచేసి పరీక్షించే పరికరాన్ని వీట్‌స్టోన్ 1852లోనే వివరించారు.

తారుమారైన పేర్లు

భౌతికశాస్త్ర విద్యార్థులు చదివే వీట్‌స్టోన్ బ్రిడ్జిని మొదట కనిపెట్టింది శామ్యూల్ క్రిస్టీ. ఆ సంగతిని వీట్‌స్టోన్ స్వయంగా చాటినా పేరు మారలేదు. 1854లో ఆయన రూపొందించిన రహస్య లిపి మాత్రం, దానికి ప్రచారం కల్పించిన మిత్రుడు ప్లేఫేర్ పేరిట స్థిరపడింది. 1868లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1875 అక్టోబర్ 19న పారిస్‌లో, 73వ ఏట, కన్నుమూశారు. లండన్‌లోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.