తెలివైన పిల్లల పంతులమ్మ: లీటా హాలింగ్‌వర్త్

మన ఎడ్యుకేషనల్ సైకాలజీ నోట్సుల్లో బినే ఉంటాడు, టెర్మన్ ఉంటాడు. థార్న్‌డైక్ సంగతి సరేసరి, ఆయన పిల్లీ, పెట్టే, యత్నదోష అభ్యసనమూ నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ వరుసలో కూర్చోవలసిన ఒక స్త్రీ పేరు మాత్రం ప్రతిభావంతులైన పిల్లల పాఠంలో ఒక పంక్తిలో వచ్చి వెళ్ళిపోతుంది. పరీక్షలో ఆ పంక్తికి మార్కులుండవు కాబట్టి మనమూ పట్టించుకోం. ఎం.ఎడ్.లో సెమినార్ పేపరు కోసం నేను ఆమె జీవితం చదవడం మొదలుపెట్టాను. పేపరు అయిపోయింది గానీ ఆమె నన్ను వదల్లేదు. అందుకే ఈ సంచికలో ఆమెను గూర్చి నాలుగు మాటలు.

లీటా స్టెటర్ 1886 మే 25న అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, చాడ్రన్ ఊరికి దగ్గర్లో పుట్టింది. అప్పుడప్పుడే జనం వచ్చి స్థిరపడుతున్న బీడు భూములవి. తల్లి చదువుకున్న మనిషి. బిడ్డ మొదటి ఏడాది ముచ్చట్లన్నీ ఆ పాపే వ్రాసుకుంటున్నట్లుగా ఒక పుస్తకంలో వ్రాసి పెట్టిందట. లీటాకు మూడేళ్ళప్పుడు మూడవ కాన్పులో ఆ తల్లి చనిపోయింది. పిల్లలు ముగ్గురూ అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగారు. దుంగలతో కట్టిన బడి, అందరూ కలిపి పన్నెండు మంది పిల్లలు. ఎవరి వేగం వారిదే, ఎవరి పాఠం వారిదే. పెద్దయి ప్రొఫెసరు అయ్యాక కూడా ఆమె ఆ బడిని మెచ్చుకుంటూనే ఉండేది. ఆమె తర్వాత చేసిన పనంతా చూస్తే, న్యూయార్క్ మహానగరం నడిబొడ్డున ఆ దుంగల బడినే మళ్ళీ కట్టాలని చూసిందేమో అని నాకు అనిపిస్తుంది.

కొన్నేళ్ళకు తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లల్ని వాలెంటైన్ అనే ఊరికి తీసుకుపోయాడు. సవతి తల్లి చేతిలో పడ్డ బాధలు ఆమె ఎక్కువగా చెప్పుకోలేదు, మనమూ తవ్వనక్కర్లేదు. 1902లో హైస్కూలు ముగించి లింకన్‌లోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చేరింది, 1906లో డిగ్రీ తీసుకుంది. అక్కడే హ్యారీ హాలింగ్‌వర్త్ పరిచయం. రెండేళ్ళు హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి, 1908 డిసెంబరు 31న న్యూయార్క్‌లో అతన్ని పెళ్ళాడింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. న్యూయార్క్ బడుల్లో పెళ్ళైన స్త్రీకి టీచరు ఉద్యోగం ఇవ్వరు! చేతిలో డిగ్రీ ఉంది, అనుభవం ఉంది, మెడలో తాళి ఉంది (వాళ్ళ లెక్కన వేలికి ఉంగరం అనుకోండి), అంతే, తలుపు మూసుకుంది. వండుతూ, కుడుతూ, కథలు వ్రాస్తూ కూర్చుంది. కథలు పంపినవి పంపినట్లే తిరిగొచ్చాయి. భర్త జీతం ఇల్లు గడవడానికే చాలదు, పై చదువు మాట దేవుడెరుగు.

చివరికి ఆమె చదువుకు డబ్బిచ్చింది కోకాకోలా అంటే నమ్ముతారా? 1911లో ఆ పానీయంలోని కెఫీన్ మీద ప్రభుత్వం వేసిన దావా విచారణకు వచ్చింది. కెఫీన్ మనిషి బుద్ధి మీద ఏం చేస్తుందో పరీక్షించే పనిని కంపెనీ హ్యారీకి అప్పగించింది. దంపతులిద్దరూ కలిసి ఆ ప్రయోగాలు చేశారు. వచ్చిన సొమ్ముతో లీటా కొలంబియాలో చేరింది. 1913లో మాస్టర్స్, 1916లో డాక్టరేటు. గైడు ఎవరనుకున్నారు, మన పిల్లి థార్న్‌డైకే. తమాషా ఏమిటంటే, మేధావులూ మందబుద్ధులూ ఇద్దరూ పురుషుల్లోనే ఎక్కువ, స్త్రీలు మధ్యస్థంగానే ఉంటారు అనే సిద్ధాంతాన్ని ఆయన నమ్మేవాడు. ఆయన శిష్యురాలు హెలెన్ మాంటేగ్‌తో కలిసి ఒక ఆసుపత్రిలో పుట్టిన వెయ్యిమంది మగశిశువుల, వెయ్యిమంది ఆడశిశువుల కొలతలు తీసి, అలాంటి తేడా ఏదీ కనబడడం లేదని 1914లో ప్రకటించింది. థీసిస్‌లో 23 మంది స్త్రీలను నెలల తరబడి పరీక్షించి, నెలసరి రోజుల్లో బుద్ధి మందగిస్తుందనే మాటలో నిజం లేదని తేల్చింది. గురువు కోప్పడలేదు. టీచర్స్ కాలేజీలో ఉద్యోగం ఇప్పించాడు. అలాంటి గైడు మనకూ దొరుకుగాక.

చదువుకుంటూ ఉండగానే, 1914 నుంచి, ఆమె మందబుద్ధులని పంపించిన పిల్లలకు బినే పరీక్షలు పెట్టే ఉద్యోగం చేసింది. వాళ్ళలో చాలామంది మందబుద్ధులు కానేకాదని, ఇంటి చిక్కులతో, బడి చిక్కులతో నలిగిపోయినవాళ్ళని కనిపెట్టింది. తర్వాత కాలేజీలో అదే పాఠం చెబుతూ, పోల్చి చూపడానికి ఒక తెలివైన పిల్లవాణ్ణి తరగతి ముందు పరీక్షించాలనుకుంది. 1916లో ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చి కూర్చున్నాడు. ప్రశ్నలు అయిపోయాయి గానీ వాడి జవాబులు అయిపోలేదు. ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐ.క్యూ., 180 దాటింది. ఆ రోజుతో ఆమె దారి మారింది. వెనకబడ్డవాడికి ప్రత్యేక తరగతి ఉంది సరే, ముందుకు పోయినవాడికి ఏముంది? మామూలు తరగతిలో సగం పొద్దు ఊరికే పోతుంది, మరీ తెలివైనవాడికైతే దాదాపు అంతా వృథాయే అని ఆమె లెక్క.

1922లో మన్‌హటన్‌లోని 165వ నంబరు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు సుమారు యాభైమందితో రెండు తరగతులు తెరిచింది. ఫీజు కట్టే బడి కాదు, సర్కారు బడి, ఈ మాట గుర్తుంచుకోవాలి. మూడేళ్ళు నడిచింది. మామూలు సిలబస్ సగం పొద్దులో అయిపోయేది, మిగతా సగం కొత్త విషయాలకు. పిల్లల్ని రెండేసి క్లాసులు దూకించి పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టడం కంటే, ఈడువాళ్ళ మధ్యనే ఉంచి లోతుగా చెప్పడం మేలని ఆమె నమ్మకం.

అలాంటి తరగతి ముందు నిలబడ్డ తల్లిదండ్రుల మనసులో ఎన్ని సందేహాలు! పిల్లాడికి తల పొగరెక్కుతుందా? వీధిలో స్నేహితులు దూరమైపోతారా? ఇంత పసివాడి మీద అంత బరువా? పొగరు గూర్చి ఆమె చెప్పిన సమాధానం నాకు బాగా నచ్చింది. ఎప్పుడూ తానే ఫస్టు వచ్చేచోట కూర్చున్నవాడికే పొగరెక్కుతుంది, తనంతటివాళ్ళు పాతికమంది ఉన్నచోట మొదటిసారి ఓడిపోవడం నేర్చుకుంటాడు అని ఆమె భావం. స్నేహాల గూర్చి కూడా అంతే. ఐ.క్యూ. 125 నుంచి 155 దాకా ఉన్నవాళ్ళు లోకంతో చక్కగా కలిసిపోతారు గానీ, 180 దాటినవాళ్ళు ఒంటరి పక్షులు. పెద్దవాళ్ళ ఆలోచన, చిన్నపిల్లల మనసు ఒకే ఒంట్లో ఉంటే ఆ నలుగుడు వాళ్ళకే తెలుసు. 1926లో ఈ పిల్లల గూర్చి పెద్ద పుస్తకమే వ్రాసింది.

ఈ ప్రశ్నలకు వందేళ్ళు దాటినా వయసు మళ్ళలేదు. మా అక్క న్యూయార్క్‌లో క్వీన్స్‌లో ఉంటుంది. వాళ్ళ అబ్బాయి రెండో తరగతి పూర్తి చేస్తుండగా, మూడో తరగతి గిఫ్టెడ్ ప్రోగ్రాముకు దరఖాస్తు చేసుకోవచ్చని ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆ ఊళ్ళో నాలుగేళ్ళ పసిపిల్లలకు పెట్టే పరీక్ష 2021లో ఆగింది. ఆ తరగతుల్లో నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు మరీ తక్కువ అనే విమర్శతో మేయరు కార్యక్రమాన్నే ఎత్తేస్తామని ప్రకటించాడు. 2022లో కొత్త మేయరు వచ్చి అది ఉండాల్సిందే అన్నాడు, ప్రతి బడిలోనూ రెండో తరగతిలో మొదటి పదిశాతం మందికి అవకాశం ఇచ్చాడు. బావగారేమో సీటు వదలకూడదంటారు. అక్కకేమో బస్సులో అంతదూరం పంపడం, పక్కింటి స్నేహితుణ్ణి విడదీయడం ఇష్టం లేదు. నువ్వు చదివేది అదే కదరా, చెప్పు అని ఫోనులో నన్ను నిలదీసింది. పొగరు సంగతి, ఒంటరితనం సంగతి లీటా వ్రాసినట్లే చెప్పాను. వాడు ఇప్పుడున్న తరగతిలో విసుక్కుంటున్నాడా, ఆనందంగా ఉన్నాడా అని మాత్రం తననే చూసుకోమన్నాను. విసుగుంటే పంపడమే మంచిదని నా అభిప్రాయం.

అయితే ఆమెను నెత్తిన పెట్టుకునే ముందు ఒక సంగతి చెప్పకపోతే తప్పు. తెలివి ప్రధానంగా వంశంనుంచే వస్తుందని, తెలివైన కుటుంబాలు ఎక్కువమంది పిల్లల్ని కనాలని ఆ కాలంలో నడిచిన వాదాన్ని ఆమె కూడా నమ్మింది. ఇదే నాకు మింగుడుపడదు. స్త్రీల విషయంలో వంటిల్లూ ఉయ్యాలా అడ్డుపడి తెలివి బయటికి రాలేదని అంత స్పష్టంగా చూసిన మనిషి, పేదవాడి బిడ్డ విషయంలో పేదరికం చేసే పనిని అంత స్పష్టంగా ఎందుకు చూడలేకపోయింది? ఎవరిని ఎంచాలి, ఎలా ఎంచాలి అన్న తగాదా ఆ నగరంలో నేటికీ తెగకపోవడానికి ఈ నమ్మకం కూడా ఒక కారణమే.

అయినా ఆమె పాఠాలు చూడండి. 1936లో నగర విద్యాశాఖ, టీచర్స్ కాలేజీ కలిసి తెరిచిన స్పేయర్ స్కూలులో, అంటే 500వ నంబరు బడిలో, రెండు తరగతులు చురుకైన పిల్లలవి, ఏడు తరగతులు నెమ్మదిగా నేర్చుకునే పిల్లలవి. ఒకే కప్పు కింద రెండు రకాలూ! చురుకైన పిల్లలకు నిత్యం కళ్ళబడే వస్తువుల చరిత్రే పాఠం. తిండి, బట్ట, ఇల్లు, దీపం, బండి, గడియారం ఇవన్నీ ఎలా పుట్టి ఎలా మారాయో పిల్లలే లైబ్రరీలో వెతికి, చర్చించి వ్రాసుకోవాలి. వీటికి తోడు ఫ్రెంచి భాష, గొప్పవారి జీవితచరిత్రలు. తెలివి తక్కువవాళ్ళతో విసుక్కోకుండా మెలగడం కూడా ఆమె దృష్టిలో ఒక పాఠమే. మన దగ్గర ప్రత్యేక తరగతి అనగానే పై క్లాసు లెక్కలు ముందుగా రుద్దడమే గుర్తొస్తుంది, ఆ దృష్టితో చూస్తే ఈ సిలబస్ మరీ తేలికగా కనిపిస్తుంది. కాదు, చాలా బరువైనది. ఇంటి దీపం చరిత్ర వ్రాయమంటే మనలో ఎంతమందిమి వ్రాయగలం?

ఈ పని నడుస్తున్న రోజుల్లోనే ఆమె ఒంట్లో కేన్సరు ఉంది. ఏళ్ళ తరబడి చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియనివ్వలేదు. 1938లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం భార్యాభర్తలిద్దరికీ గౌరవ డాక్టరేట్లు ఇచ్చింది. 1939 నవంబరు 27న, యాభై మూడేళ్ళకే, న్యూయార్క్‌లో కన్నుమూసింది. లింకన్‌లో ఖననం చేశారు. స్పేయర్ ప్రయోగం 1941తో ముగిసింది.

ఐ.క్యూ. 180 దాటిన పిల్లల మీద ఇరవై మూడేళ్ళుగా కూడబెట్టిన పుస్తకం సగంలో ఆగిపోయింది. హ్యారీ ఆ కాగితాలన్నీ సర్ది, మిగిలింది పూర్తిచేసి 1942లో అచ్చువేయించాడు. అందులో పన్నెండుమంది పిల్లలు. ఎవరి పేరూ లేదు, ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం. తరగతి ముందు కూర్చున్న ఆ ఎనిమిదేళ్ళ అబ్బాయి ఆ పుస్తకంలో ‘ఇ’ అనే అక్షరం.