ఆగడం తెలిసిన పందెగాడు ఫాంజియో

ప్రభుత్వ కొలువులో 58 ఏళ్ళు నిండగానే కుర్చీ అప్పగించి ఇంటికొచ్చిన వాళ్ళం మనం. ఎప్పుడు మానుకోవాలన్న చింత మనకు లేదు, ఆ సంగతి జి.ఓ.యే చూసుకుంది. అటువంటి నియమమేదీ లేని వృత్తిలో ఉండి, తనంతట తానే సమయమెరిగి తప్పుకున్న ఒక మహానుభావుని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన కారు పందేల చక్రవర్తి హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. పందేలు కుర్రకారు వ్యవహారం, మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఆయన ఆఖరిసారి ప్రపంచ విజేత అయినప్పుడు వయసు 46.

1911 జూన్ 24న అర్జెంటీనాలోని బాల్కార్సె అనే చిన్న ఊళ్ళో, ఇటలీ నుంచి వలస వచ్చిన సామాన్య కుటుంబంలో పుట్టాడు. చదువు చిన్నతనంలోనే ఆగిపోయి మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడు. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు స్నేహితులు ‘దొడ్డికాళ్ళవాడు’ అని పిలిచిన పేరు జీవితాంతం నిలిచిపోయింది. 1940లో బ్యూనస్ ఎయిర్స్ నుంచి పెరూలోని లీమాకు వెళ్ళి తిరిగొచ్చే పందెంలో, ఆండీస్ కొండల మీదుగా సుమారు 9,500 కిలోమీటర్లు నడిపి గెలిచాడు. కారు దారిలో చెడితే తానే బాగుచేసుకోవాలి. అందుకే యంత్రాన్ని అవసరానికి మించి హింసించని నేర్పు ఆయనకు అలవడింది.

1948లో పెరూలో కారు బోల్తాపడి పక్కనున్న మిత్రుడు మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగుకుని 1949లో ఐరోపా పందేలకు వెళ్ళాడు. అప్పటికి 38వ ఏట ఉన్నాడు. 1951లో తొలిసారి ప్రపంచ విజేత. 1952లో మోంజాలో మెడ ఎముక విరిగి, ఆ ఏడాదంతా పోయింది. అయినా కోలుకుని 1954 నుంచి 1957 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. ప్రపంచ పోటీల్లో యాభై పైచిలుకు పందేలాడి 24 గెలిచాడు. గుమాస్తా బుద్ధి కనుక లెక్క చూశాను: దాదాపు రెండింటికి ఒకటి!

1956లో మోంజాలో ఫాంజియో కారు చెడింది. అదే జట్టు కుర్రవాడు పీటర్ కాలిన్స్, తనకూ విజేత అయ్యే అవకాశం ఉండి కూడా, తన కారు దిగి పెద్దాయనకు ఇచ్చేశాడు. ఆ ఏటి కిరీటం అలా దక్కింది.

1957 ఆగస్టు 4న జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ పందెం ఆయన ఘనతకు పరాకాష్ఠ. ఒక్కో చుట్టు 22.8 కిలోమీటర్లు, కొండల్లో లెక్కలేనన్ని మలుపులు. పెట్రోలుకు, చక్రాలకు ఆగినప్పుడు ఆలస్యమై ముక్కాలు నిమిషం పైగా వెనకబడ్డాడు. అక్కడి నుంచి చుట్టుచుట్టుకూ రికార్డు బద్దలు కొడుతూ, చివరి ముందు చుట్టులో కాలిన్స్‌నూ, మైక్ హాథార్న్‌నూ దాటేశాడు. నాలుగు సెకన్ల లోపు తేడాతో విజయం. ప్రపంచ పోటీల్లో అదే ఆయన ఆఖరి గెలుపు.

1958 ఫిబ్రవరిలో క్యూబాలో తిరుగుబాటుదారులు ఆయనను అపహరించి, పందెం ముగిశాక క్షేమంగా వదిలేశారు. వారిపై ఆయన పగ పెంచుకోలేదు. ఆ జులైలో ఫ్రాన్సులోని రీమ్స్‌లో సాటి పందెగాడు లూయీజీ ముస్సో మరణించాడు. ఆ పందెంలో నాలుగో స్థానంలో వచ్చిన ఫాంజియో, ఇక చాలనుకుని విరమించాడు. నెల తిరక్కుండానే కాలిన్స్ అదే న్యూర్‌బర్గ్‌రింగ్‌లో ప్రాణం విడిచాడు. హాథార్న్ 1959 జనవరిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఇద్దరికీ ముప్ఫై నిండలేదు.

ఫాంజియో మాత్రం స్వదేశంలో కార్ల వ్యాపారం చూసుకుంటూ, 1986లో సొంత ఊళ్ళో తన పేరిట మ్యూజియం తెరవడం కళ్ళారా చూసి, 1995 జులై 17న 84వ ఏట కన్నుమూశాడు. ఐదు కిరీటాల రికార్డును 2003లో షూమాకర్ దాటాడు. 46 ఏళ్ళ వయసులో గెలిచిన ఘనతను మాత్రం ఇప్పటికీ ఎవరూ దాటలేదు. విరమణ తర్వాత ఆయన బతికినది 37 ఏళ్ళు. మనలో చాలామంది సర్వీసు కంటే ఎక్కువే!