వంటవాడిగా ఎక్కి.. ఇంజినీరుగా దిగాడు!

ఉద్యోగ ప్రకటనలో అడిగినవాటిలో ఒక్కటి మీకు రాదు. మిగతావన్నీ ఉన్నాయి. అప్లై చేయాలా, వదిలేయాలా? చదువు పూర్తయ్యే ఏడాది మీలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. 1906లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో ఉండే 22 ఏళ్ల మార్టిన్ జాన్సన్‌కూ ఇదే ఎదురైంది. అతను ఏమని జవాబిచ్చాడు, ఆ తర్వాత ఏం చేశాడు అన్నది మీరు తెలుసుకోవాల్సిందే.

వందల ఉత్తరాల్లో ఒకటి

మార్టిన్ చదువులో మెరికేం కాదు. అల్లరి పనికి స్కూల్ నుంచి పంపించేశారు కూడా. తండ్రికి నగల దుకాణం ఉండేది. అందులోనే కొడాక్ కెమెరా సరుకూ అమ్మేవారు. ఫొటోలు తీయడం, కడగడం అక్కడే నేర్చుకున్నాడు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే ఒకసారి యూరప్ వెళ్లి తిరిగొచ్చాడు. చెప్పుకోవడానికి అతనికున్నవి ఇవే.

అప్పటికే పేరు మోసిన రచయిత జాక్ లండన్, భార్య చార్మియన్‌తో కలిసి సొంత యాట్‌లో ఏడేళ్లపాటు ప్రపంచం చుట్టాలనుకుంటున్నట్టు ఒక పత్రికలో వచ్చింది. సిబ్బందిలో చోటివ్వమంటూ వందల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిలో మార్టిన్ రాసిన పొడవాటి ఉత్తరం ఒకటి. కొన్ని రోజులకు లండన్ దగ్గర్నుంచి టెలిగ్రాం వచ్చింది. అందులో ఒకే ఒక్క ప్రశ్న: వంట చేయడం వచ్చా అని. వచ్చు, పరీక్షించి చూడండి అన్న అర్థం వచ్చేలా మార్టిన్ వెంటనే జవాబు కొట్టాడు.

నిజానికి రాదు! ఇక్కడే ఆగితే ఇది పచ్చి అబద్ధం అయ్యేది. కానీ మార్టిన్ ఊళ్లోనే తెలిసినవాళ్ల హోటల్ వంటింట్లో చేరిపోయాడు. బయల్దేరేలోగా పొయ్యి దగ్గర నిలబడి పని నేర్చుకున్నాడు.

ఇద్దరూ వచ్చన్నవాళ్లే

యాట్ పేరు స్నార్క్. పొడవు సుమారు 55 అడుగులు. 7 వేల డాలర్లలో అయిపోతుందనుకున్నది 30 వేలు మింగింది. 1906 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోను కుదిపేసిన భూకంపంతో కూలీలు, సామాను దొరక్క నిర్మాణం నెలల తరబడి సాగింది. చివరికి 1907 ఏప్రిల్ 23న ఆరుగురితో బయల్దేరింది. లండన్ దంపతులు, నావిగేటర్‌గా చార్మియన్ బంధువు రోస్కో ఈమ్స్, కాలేజీ విద్యార్థి హెర్బర్ట్ స్టోల్జ్, జపాన్ కుర్రాడు టోచిగి, వంటకు మార్టిన్.

నాలుగు రోజులు తిరక్కుండానే అసలు సంగతులు బయటపడ్డాయి. పడవ కారుతోంది. ఇంజిన్ ముందే పాడై, బరువు తప్ప ఎందుకూ పనికిరాకుండా పడుంది. మార్టిన్‌కి కడుపులో తిప్పుతోంది. వాంతులు చేసుకుంటూనే వంట చేయాలి. వీటన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం ఇంకొకటి ఉంది. నడిసముద్రంలో పడవ ఎక్కడుందో లెక్కగట్టాల్సిన నావిగేటర్‌కి ఆ విద్య సరిగా రాదు. పడవ తయారవుతున్నన్ని నెలలూ చేతిలో ఉన్నా నేర్చుకోవాల్సినంత నేర్చుకోలేదు. పుస్తకాలు ముందేసుకుని లండనే ఆ లెక్కలు పట్టాల్సి వచ్చింది. 27 రోజులకు హవాయి చేరారు.

ఇప్పుడు ఆ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పని వచ్చని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరికి నెలల గడువు ఉంది, ఇంకొకరికి కొద్ది వారాలే. ఆ గడువును వాడుకున్నవాడు పడవలో మిగిలాడు. హవాయిలో ఈమ్స్ దిగిపోయాడు. స్టోల్జ్, టోచిగి కూడా ఆగిపోయారు.

గరిట నుంచి పానా దాకా

హవాయిలో రిపేర్లకు నెలలు పట్టాయి. ఇంజిన్ చూసుకునే మనిషి కావాలి. వంటకు వేరేవాళ్లను పెట్టుకుని ఆ పని మార్టిన్‌కి అప్పగించారు. 70 హార్స్‌పవర్ ఇంజిన్‌ను ఏ డిగ్రీ లేకుండానే, దగ్గరుండి చూసి చేతులకు నూనె పూసుకుని నేర్చుకున్నాడు.

1907 అక్టోబర్‌లో హిలో రేవు నుంచి మార్కెసాస్ దీవులకు బయల్దేరారు. గాలులు ఎదురొచ్చే ఆ దారిలో తెరచాప పడవ వెళ్లడం చాలా కష్టమని నావికుల పుస్తకాలే హెచ్చరించేవి. 60 రోజులు పట్టింది. మధ్యలో మంచినీళ్లు సగం వృథాగా పోయాయి. వాన పడేదాకా గుక్కలు లెక్కపెట్టుకుని తాగారు. అక్కణ్నుంచి తాహితి, సమోవా, ఫిజీ మీదుగా సోలమన్ దీవులు. అక్కడ జ్వరాలు, మానని పుండ్లు అందర్నీ పట్టుకున్నాయి. లండన్ సిడ్నీలో ఆస్పత్రి పాలయ్యాడు. ఏడేళ్ల యాత్ర రెండేళ్లయినా నిండకుండా 1908 చివర్లో ఆగిపోయింది. మొదట ఎక్కినవాళ్లలో లండన్ దంపతులు కాక చివరిదాకా ఉన్నది మార్టిన్ ఒక్కడే.

యాత్ర ఆగింది, పని ఆగలేదు

ఇలా ఆలోచించండి. కంపెనీ మూతపడింది, చేతిలో సర్టిఫికెట్ లేదు. అయినా సొంతూరికి వచ్చిన మార్టిన్ దగ్గర దారిలో తీసిన ఫొటోలున్నాయి. ఓ థియేటర్ తెరిచి, దానికి స్నార్క్ అనే పేరు పెట్టి, ఫొటోలు చూపిస్తూ యాత్ర కథ చెప్పాడు. 1910లో ఓసాతో పెళ్లయింది. ఇద్దరూ ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చారు. కూడబెట్టుకుని 1917లో దక్షిణ పసిఫిక్ దీవులకు సినిమా కెమెరాతో వెళ్లారు. తర్వాత బోర్నియో, ఆఫ్రికా. 1924లో మొదలైన ఆఫ్రికా యాత్రకు డబ్బు పెట్టినవాళ్లలో జార్జ్ ఈస్ట్‌మన్ ఒకరు. తండ్రి దుకాణంలో అమ్మిన కొడాక్ కెమెరాల సంస్థను స్థాపించింది ఆయనే. ఆఫ్రికాను ఆకాశం నుంచి తీయాలనుకున్నప్పుడు దంపతులిద్దరూ ముందు విమానం నడపడం నేర్చుకున్నారు. హోటల్ వంటింటి పద్ధతే మళ్లీ!

అంతా మెచ్చుకోదగ్గదే అనుకోవద్దు. ఆ సినిమాలు దీవుల ప్రజల్ని, ఆఫ్రికన్లను వింత మనుషుల్లా, నవ్వులాటగా చూపించాయి. ఇప్పుడు చూసేవారికి అది ఇబ్బందిగా ఉంటుంది. నేర్చుకునే తెగువతోపాటు ఎదుటివారిని గౌరవించడమూ రావాలి.

1937 జనవరిలో కాలిఫోర్నియాలో ప్రయాణికుల విమానం కూలి, 52 ఏళ్ల వయసులో మార్టిన్ చనిపోయాడు. గాయాలతో బయటపడిన ఓసా 1940లో తమ జీవితాన్ని పుస్తకంగా రాసింది. అది బాగా అమ్ముడుపోయింది.

మన దగ్గరా ఉన్నారు

ఇదంతా ఎక్కడో, ఎప్పుడో జరిగిందనుకుంటున్నారా? 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఆరుగురు నేవీ మహిళా అధికారులు దాదాపు స్నార్క్ అంతే ఉన్న తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టడానికి వెళ్లి, 2018 మేలో తిరిగొచ్చారు. విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి వారిలో ఉన్నారు. బయల్దేరే ముందు వాళ్లూ ఏళ్లపాటు శిక్షణ తీసుకున్నారు.

అన్ని ఉద్యోగాల్లోనూ మార్టిన్‌లా వచ్చనేయడం కుదరదు. లైసెన్సో డిగ్రీయో తప్పనిసరి అయిన చోట లేనిది ఉందంటే అది మోసమే. నేర్చుకుంటే వచ్చేసే పనైతే మాత్రం వెనకాడకండి. రాదని ఉన్నదున్నట్టు చెప్పి, చేరేలోగా నేర్చుకుంటానని మాటివ్వడం ఇంకా మేలు. మాటిచ్చిన రోజే కాగితం తీసి మూడు విషయాలు రాసుకోండి: ఎవరి దగ్గర నేర్చుకుంటారు, రోజుకు ఎన్ని గంటలు, ఏ తేదీకి పూర్తి చేస్తారు. ఆ మూడూ రాయలేకపోతే ఆ ఉద్యోగానికి ఇంకా ఒప్పుకోకండి.