రాళ్లను చదివిన దొర – రాబర్టు బ్రూస్ ఫుట్



చేను దున్నునపుడు నాగటి కఱ్ఱుకు తగిలిన రాళ్లను ఏరి గట్టుమీద పారవేయుట మనకు వాడుక. అట్టి రాతినొకదానిని చేతబట్టి, ఇది ఆదికాలపు మనుష్యుని చేతిపని యని మన దక్షిణదేశమునకు మొదట తెలియజేసినవాడు రాబర్టు బ్రూస్ ఫుట్ దొర.

ఆయన 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణమందు జన్మించెను. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. బైబిలును తమిళములోనికి తర్జుమా చేయుటలో పాటుపడిన మిషనెరీ పీటర్ పెర్సివల్ దొర కుమార్తెను వివాహమాడెను. ఊరూర గుడారము వేసికొని, కొండలను వాగులను పరీక్షించి పటములు వ్రాయుట ఆయన పని.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరములో, కంకర గుంటనుండి త్రవ్వి పోసిన కుప్పలో, చెక్కి పదును తీసినట్టున్న రాయి ఒకటి ఆయనకు దొరికెను. కొలది సంవత్సరములకు ముందే ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో అట్టి రాతి గొడ్డళ్లు బయలుపడిన సంగతి ఆయన ఎరుగును. అయినను కుప్పలో దొరికిన ఒక్క రాయి చాలదు. నేల పొరలోనే దానిని చూడవలెను. అదే సంవత్సరము సెప్టెంబరు 28న, తోటి ఉద్యోగి విలియం కింగ్ దొరతో కలిసి అత్తిరంపాక్కం వాగునకు పోయెను. వాగు కోసిన గట్టులో, కంకర పొరలోనే అట్టి పనిముట్లు కనబడెను. సందేహము తీరెను.

ఈ అత్తిరంపాక్కం మనకు పరాయి చోటు కాదు. మన సత్యవేడు, నాగలాపురములకు దక్షిణముగా కొసస్థలి ఏటి లోయలో నున్నది. మన నగరి ఏరు పోయి కలియునది ఆ ఏటిలోనే. నాడు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ జిల్లా నేలలను గూర్చియు ఫుట్ దొర గ్రంథము వ్రాసెను. అత్తిరంపాక్కపు అడుగు పొరలోని పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రేణిగుంట దగ్గర రాళ్ళకాలవ ఒడ్డునను రాతి పనిముట్లు దొరుకునని 1960వ దశకములో ఎం. ఎల్. కె. మూర్తి గారు చూపించిరి.

బళ్లారి ప్రాంతమున గొప్ప బూడిద దిబ్బలు కలవు. అవి రాక్షసుల చితులని జనులు చెప్పుకొనుచుండిరి. ఫుట్ దొర పరీక్షించి, అది పశువుల పేడ కాలిన బూడిద యనియు, ఆది పశుకాపరులు విడిచినదనియు చెప్పెను. చాలా కాలమునకు, 1957లో, పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వగా పశువుల దొడ్ల ఆనవాళ్లు బయటపడి ఆయన మాట నిజమాయెను. 1884లో కుమారుడైన హెన్రీతో కలిసి కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహలను త్రవ్వించెను.

ఆయన కూర్చిన రాతి పనిముట్లను, కుండ పెంకులను 1904లో మద్రాసు మ్యూజియము కొనెను. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో మరణించెను. ఏర్కాడులోని హోలీ ట్రినిటీ దేవాలయమునందు ఆయన జ్ఞాపక చిహ్నమున్నది.

మనుష్యుడు ఇంత పూర్వికుడని వినగా ఆ దినములలో విశ్వాసులు కొందరు కలతపడిరి. సహోదరులారా, సత్యమునకు మనము భయపడ నక్కరలేదు. ఆదికాండము నాలుగవ అధ్యాయములో పశువులను మేపినవాడును, లోహపు పనిముట్లు చేసినవాడును కనబడుదురు. చేతిపని నేర్చి, మందను కాచి, ఒక తరము మరియొక తరమునకు నేర్పుటవలననే నాగరికత పెరిగెను. నేటి మన నాగలియు దొడ్డియు ఆ వరుసలోనివే.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటి, నదిలోని పండ్రెండు రాళ్లను గిల్గాలులో నిలిపిరి. ముందు ముందు పిల్లలు అడిగినపుడు తండ్రులు ఆ సంగతి చెప్పవలెనని. మన బిడ్డ చేనిలో వింతరాయి ఏరి తెచ్చి, ఇదేమని అడిగినపుడు కసరి పారవేయింపకుడి. దానిని దాచి, బడి పంతులుగారికి చూపుడి. ఓర్పుతో చూచువానికి రాయి కూడ సాక్ష్యమిచ్చునని ఫుట్ దొర జీవితము మనకు నేర్పుచున్నది.