చెప్పులు కుట్టే ఇంటి నుంచి వచ్చిన బేక్‌లాండ్

నవంబరు 14 అనగానే మనకు నెహ్రూ గారే గుర్తొస్తారు. అదే తేదీన 1863లో బెల్జియం దేశంలో, గెంట్ అనే ఊళ్ళో లియో బేక్‌లాండ్ గారు పుట్టారు. నాన్న చెప్పులు కుట్టేవాడు. అమ్మ వేరేవాళ్ళ ఇళ్ళల్లో పని చేసేది. ఆయన పగలు బడికి, రాత్రిపూట ఇంకో బడికి వెళ్ళి రసాయనశాస్త్రం నేర్చుకున్నారు. ఊరివాళ్ళు స్కాలర్‌షిప్పు ఇచ్చారు. 21 ఏళ్ళకే డాక్టరేటు వచ్చేసింది! మన హాస్టల్లో చాలామందిమి ఇంట్లో మొదటిసారి చదువుతున్నవాళ్ళమే కదా, అందుకే ఈ ముక్క నాకు బాగా నచ్చింది.

1889లో పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళారు. ఫోటోలు వేసే కాగితం కనిపెట్టి, కొడాక్ కంపెనీ ఈస్ట్‌మన్ గారికి అమ్మారు. ఆ డబ్బుతో ఇంటి దగ్గరే ప్రయోగశాల పెట్టుకున్నారు.

అప్పట్లో కరెంటు సామాన్లకు షాకు కొట్టకుండా లక్క పూసేవారు. అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. మోదుగ, రేగు కొమ్మల మీద చిన్న పురుగులు పెడతాయే, అదే లక్క. ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టేది కూడా దానితోనే. కరెంటు పెరిగేసరికి లక్క చాల్లేదు. దాని బదులు ఇంకోటి చెయ్యాలని ఈయన కూర్చున్నారు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపితే గట్టి ముద్ద అవుతుందని అంతకుముందే కొందరికి తెలుసు. కానీ అది గిన్నెకు అంటుకుపోయి దేనికీ పనికొచ్చేది కాదు. ఈయన వేడినీ ఒత్తిడినీ అదుపులో పెట్టారు. 1907లో కుదిరింది. అదే బేకలైట్. పొడి చేసి ఉక్కు అచ్చులో వేసి, వేడి చేసి నొక్కితే అచ్చు ఎలా ఉంటే అలా వస్తుంది. లక్క వేడికి మళ్ళీ కరుగుతుంది, ఇది కరగదు. కుక్కరు పిడి, పాత నల్ల స్విచ్చిలు ఆ జాతివే.

పుస్తకంలో చదివినప్పుడు అచ్చు సంగతి నాకు ఎక్కలేదు. వేసవి సెలవుల్లో తాటిపాకలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఎక్కింది. బావ అక్కడ కొబ్బరికాయల పనికి వెళ్తాడు. పక్కింటి అన్న బొమ్మకారుకి విరిగిన చక్రం ఇంట్లోనే చేశాడు. మంచి చక్రాన్ని డబ్బా అడుగున అంటించి, పైన సిలికాన్ రబ్బరు పోసి రాత్రంతా వదిలేశాడు. తెల్లారి చక్రం తీస్తే గుంట మిగిలింది. అందులో రెజిన్, గట్టిపడే మందు కలిపి సన్నగా పోశాడు. గబగబా పోస్తే బుడగలొస్తాయంట. నిప్పు లేకుండానే అది వేడెక్కింది! అది బేకలైట్ కాదు, ఎపాక్సీ. కానీ అదీ ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. వాసన పీల్చకూడదని కిటికీలు తీశాడు, చేతులకు తొడుగులు వేసుకున్నాడు.

బేక్‌లాండ్ గారు 1944లో చనిపోయారు. తర్వాత తర్వాత ప్లాస్టిక్కులు ఎక్కువై లక్కకు గిరాకీ తగ్గింది. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. అడవిలో లక్క కొట్టి తెచ్చినవాళ్ళ పేర్లు నేను చదివిన దాంట్లో ఒక్కటీ లేదు. కొనేవాళ్ళు తగ్గాక వాళ్ళు ఏం తిన్నారో! మా తాత చిన్నప్పుడు లక్క కొట్టేవాడంట. దసరాకి ఇంటికెళ్ళి అడిగి, వచ్చే పత్రికలో రాస్తాను.