జార్జ్ గీన్మేర్

జార్జ్ గీన్మేర్ (1894 డిసెంబరు 24 - 1917 సెప్టెంబరు 11) మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సు తరఫున పోరాడిన సుప్రసిద్ధ యుద్ధ విమాన చోదకుడు. ఇతడు కూల్చినట్లు అధికారికంగా ధ్రువీకరింపబడిన శత్రు విమానాలు 53. సంఖ్యను బట్టి ఫ్రెంచి చోదకులలో ఇతనిది రెండవ స్థానం. 75 విమానాలను కూల్చిన రెనే ఫాంక్‌ది మొదటి స్థానం. అయినప్పటికీ ఫ్రెంచి వైమానిక దళం ఏటా తన స్థావరాలన్నింటిలో సైనికులను బారులు తీర్చి స్మరించుకొనేది గీన్మేర్‌నే. 22 ఏళ్ళ వయసులో బెల్జియం గగనతలంలో అదృశ్యమైన ఇతని భౌతికకాయం ఈనాటికీ లభించలేదు. సమాధి లేని ఈ వీరునికి ఒక దేశపు వైమానిక దళమే స్మారకంగా నిలిచింది.

బాల్యం, విద్య

గీన్మేర్ పారిస్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి పాల్ గీన్మేర్ సైన్యంలో అధికారిగా పనిచేసి విరమించుకొని, చరిత్ర అధ్యయనంలో కాలం గడిపినవాడు. ఇద్దరు అక్కల తరువాత పుట్టిన ఏకైక కుమారుడు జార్జ్. పుట్టుకతోనే బలహీనుడు కావడం వలన ఇంట అతిగారాబంగా పెరిగాడు. కుటుంబం పారిస్‌కు ఉత్తరాన ఉన్న కొంపియేన్ పట్టణంలో స్థిరపడింది. పారిస్‌లోని స్తానిస్లాస్ కళాశాలలో చదువుతూ, ఇంజనీరింగు విద్యకు పేరుపొందిన ఎకోల్ పోలిటెక్నిక్‌లో ప్రవేశానికి సిద్ధమైనాడు గాని, ఆరోగ్యం సహకరించక ఆ ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. గణితం, యంత్రాలు ఇతనికి అభిమాన విషయాలు. ఈ యంత్రాల మీది ఆసక్తే తరువాతి కాలంలో ఇతని పేరుకు సగం కారణమని చెప్పవచ్చు.

సైన్యంలో ప్రవేశం

1914 ఆగస్టులో యుద్ధం ప్రారంభమైనప్పుడు గీన్మేర్ కుటుంబంతో పాటు నైరుతి ఫ్రాన్సులోని సముద్రతీరంలో ఉన్నాడు. సైన్యంలో చేరడానికి వెళ్ళగా, సన్నని దేహం, బలహీనమైన ఆరోగ్యం చూసి వైద్యులు తిరస్కరించారు. మరల వెళ్ళినా ఫలితం అదే. చివరకు 1914 నవంబరులో, పో పట్టణంలోని విమాన శిక్షణ పాఠశాల అధిపతి కెప్టెన్ బెర్నార్-తియెరీ ఇతనిని మెకానిక్ శిక్షణార్థిగా తీసుకొన్నాడు. తుపాకి మోయడానికి పనికిరాడన్న యువకుడు ఆ విధంగా ఇంజన్లు తుడిచే పనితో సైన్యంలో అడుగుపెట్టాడు. కొద్ది నెలలలోనే చోదక శిక్షణకు అనుమతి సంపాదించి, 1915 వసంతకాలంలో అర్హత పొందాడు.

1915 జూన్ 8న ఇతడు కెప్టెన్ బ్రోకార్ నాయకత్వంలోని ఎం.ఎస్.3 అనే స్క్వాడ్రన్‌లో కార్పొరల్ హోదాలో చేరాడు. అప్పటికి ఫ్రాన్సులో వైమానిక దళం స్వతంత్రమైన సైనిక విభాగం కాదు, పదాతి దళానికి కన్నులుగా పనిచేసే ఒక శాఖ మాత్రమే. విమానాలు శత్రువుల కందకాలను పరిశీలించడానికే ఎక్కువగా ఉపయోగపడేవి. 1915 జూలై 19న సొయిసోన్ పట్టణ సమీపంలో గీన్మేర్, వెనుక కూర్చున్న గెర్దెర్ అనే మెకానిక్ కలిసి ఒక జర్మన్ రెండు సీట్ల విమానాన్ని కూల్చారు. గీన్మేర్‌కు ఇది తొలి విజయం. చోదకునికి, మెకానిక్‌కు ఇద్దరికీ సైనిక పతకాలు ఇచ్చారు. అదే సంవత్సరం గూఢచారులను శత్రు భూభాగంలో దించివచ్చే ప్రమాదకరమైన పనిని సైతం ఇతడు నిర్వహించాడు. సరిగ్గా 21వ పుట్టినరోజున లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం లభించింది.

కొంగల దళం

1916 మార్చిలో వెర్దాన్ యుద్ధంలో ముఖానికి, చేతికి గాయాలై గీన్మేర్ కొంతకాలం ఆసుపత్రి పాలైనాడు. తిరిగివచ్చే నాటికి యుద్ధకేంద్రం సోమ్ నదీ ప్రాంతానికి మారింది. అక్కడ బ్రోకార్ ఆధ్వర్యంలో నాలుగు స్క్వాడ్రన్లను కలిపి ఒక సమూహంగా ఏర్పరచారు. వీటి విమానాల పక్కభాగాన కొంగ బొమ్మ ఉండేది. స్క్వాడ్రన్‌కు ఒక భంగిమ చొప్పున కొంగలు వేరువేరుగా ఎగురుతూ కనిపిస్తాయి. ఇళ్ళ పైకప్పుల మీద గూళ్ళు కట్టే తెల్లకొంగ అల్సేస్ ప్రాంతానికి గుర్తు. 1871లో జర్మనీకి కోల్పోయిన ఆ సీమను మరల పొందాలన్న ఫ్రెంచివారి కోరిక ఈ చిహ్నంలో దాగి ఉన్నది.

గీన్మేర్ తన విమానాల మీద వ్యూ షార్ల్ (ముసలి చార్లెస్) అని రాయించేవాడు. ఇది ఇతడు పెట్టిన పేరు కాదు. తనకు ముందు ఆ విమానాన్ని నడిపిన బొన్నార్ అనే చోదకుని నుండి సంక్రమించినది. ఎన్ని విమానాలు మారినా పేరు మాత్రం మార్చలేదు.

1916 సెప్టెంబరు 23న జరిగిన సంఘటన ఇతని కీర్తిని ఇనుమడింపజేసింది. ఆనాడు శత్రు విమానాలను కూల్చి తిరిగివస్తుండగా, ఫ్రెంచి ఫిరంగిదళమే ప్రయోగించిన 75 మి.మీ. గుండు ఇతని విమానానికి తగిలింది. దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తు నుండి పడిన విమానం తునాతునకలైనా, ఇతడు మోకాలి దెబ్బతో బయటపడ్డాడు. సేవాకాలంలో ఇతని విమానం ఏడుసార్లు కూలినట్లు చెబుతారు. 1917 ఫిబ్రవరిలో గోథా అనే జర్మన్ పెద్ద బాంబర్ విమానాన్ని కూల్చాడు. అదే నెలలో కెప్టెన్ హోదా పొందాడు. 1917 మే 25న ఒకే రోజు నాలుగు విమానాలను కూల్చాడు. ఫ్రెంచి సైన్యం విజయాలను లెక్కించే పద్ధతి కఠినమైనది. చోదకుని మాట ఒక్కటే చాలదు, ఇతర సాక్ష్యాలు కావాలి. అందుచేత 53 అన్న సంఖ్యను తక్కువ లెక్కగానే భావించవచ్చు.

విమాన నిర్మాణంలో పాత్ర

గీన్మేర్‌ను కేవలం గురిపెట్టి కాల్చే సైనికునిగా చూడడం పొరపాటు. స్పాడ్ సంస్థలో విమాన రూపకర్త అయిన లూయీ బెషెరోతో ఇతడు తరచుగా ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, విమానాల లోటుపాట్లను వివరించేవాడు. విమానం ముక్కు భాగంలో నుండి 37 మి.మీ. ఫిరంగిని కాల్చవచ్చునన్న ఇతని ఆలోచన నుండి స్పాడ్-12 పుట్టింది. పంకా ఇరుసును బోలుగా చేసి, దాని గుండా ఫిరంగి గొట్టాన్ని అమర్చారు. అయితే ఒక్కొక్క గుండును చోదకుడు చేతితోనే నింపవలసి రావడం, పేల్చినప్పుడు విమానం అదరడం వలన సామాన్య చోదకులకు దీనిని నడపడం కష్టమైనది. గీన్మేర్ మాత్రం ఈ విమానంతోనే 1917 జూలై 28న తన 50వ విజయం సాధించాడు. 50 దాటిన మొదటి ఫ్రెంచి చోదకుడు ఇతడే.

1917 జూన్‌లో జర్మన్ చోదకుడు ఎర్నెస్ట్ ఉదెత్‌తో జరిగిన ద్వంద్వయుద్ధం గురించిన కథ బహుళ ప్రచారంలో ఉన్నది. ఉదెత్ తుపాకి మొరాయించడం గమనించి, గీన్మేర్ చేయి ఊపి వెళ్ళిపోయాడని ఆ కథ. దీనికి ఆధారం ఉదెత్ రాసుకొన్న జ్ఞాపకాలు మాత్రమే. గీన్మేర్ తుపాకి కూడా మొరాయించి ఉండవచ్చునని కొందరు సందేహించారు.

చివరి రోజులు

1917 జూలైలో కొంగల దళం బెల్జియం సరిహద్దులోని ఫ్లాండర్స్ ప్రాంతానికి తరలింది. అప్పటికే గీన్మేర్ శరీరం సడలిపోయింది. విశ్రాంతి తీసుకోమని ఇంటివారు, పై అధికారులు ఎంత చెప్పినా వినలేదు. 53వ విజయం ఆగస్టు 20న లభించింది, అదే చివరిది. సెప్టెంబరు 3న స్క్వాడ్రన్ నాయకుడు యుర్తో తీవ్రంగా గాయపడడంతో ఆ భారం కూడా ఇతని మీద పడింది. ఆ తరువాతి రోజులలో విమానాలు, తుపాకులు వరుసగా మొరాయించి ఇతనిని మరింత చికాకుపరచాయి.

సెప్టెంబరు 11 ఉదయం, పొగమంచు తొలగిన తరువాత, డన్‌కిర్క్ సమీపంలోని సాన్-పోల్ విమానక్షేత్రం నుండి బొజోన్-వెర్దురాజ్ అనే సహచరునితో కలిసి స్పాడ్-13 విమానంలో బయలుదేరాడు. పూల్‌కాపెల్ గ్రామం మీద ఒక జర్మన్ రెండు సీట్ల విమానం కనిపించగా గీన్మేర్ దాని మీదికి దూకాడు. ఇంతలో దూరాన శత్రు విమానాల గుంపును చూసిన బొజోన్-వెర్దురాజ్ వాటి దృష్టి మళ్ళించడానికి అటు వెళ్ళాడు. తిరిగివచ్చేసరికి ఆకాశంలో గీన్మేర్ లేడు. ఇతనిని విశ్రాంతికి ఒప్పించాలని అదే ఉదయం బ్రోకార్ విమానక్షేత్రానికి వచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

జర్మన్లు కొన్ని వారాల తరువాత ప్రకటన చేశారు. పూల్‌కాపెల్ శ్మశానవాటిక వద్ద కూలిన విమానంలో, తలకు తూటా తగిలి మరణించిన గీన్మేర్‌ను తమ సైనికులు గుర్తించారని, బ్రిటిష్ ఫిరంగుల కాల్పుల వలన ఆ ప్రదేశమంతా నాశనమైనదని దాని సారాంశం. కుర్ట్ విస్సెమాన్ అనే చోదకునికి ఈ విజయాన్ని ఆపాదించారు. అతడు కూడా అదే నెల 28న యుద్ధంలో మరణించాడు. కూల్చినది విస్సెమానా, లేక ఆ రెండు సీట్ల విమానంలోని తుపాకిదారుడా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. ఫ్రాన్సులో బడిపిల్లలకు మాత్రం, గీన్మేర్ దిగిరాలేనంత ఎత్తుకు ఎగిరిపోయాడని చెప్పేవారు.

వైమానిక దళంలో స్మరణ

1917 అక్టోబరు 19న ఫ్రెంచి ప్రతినిధుల సభ, జాతీయ మహనీయుల స్మారకమైన పాంథియోన్ మందిరంలో గీన్మేర్ పేర శాసనం చెక్కించాలని తీర్మానించింది. మరుసటి సంవత్సరమే ఆన్రీ బోర్దో ఇతని జీవితచరిత్ర ప్రచురించాడు. దాని ఆంగ్లానువాదానికి అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ముందుమాట రాశాడు. ఆ పుస్తకం ఇతనిని మధ్యయుగాల వీరయోధునిగా చిత్రించింది. నేటికీ ప్రజల మనసులో ఉన్న రూపం చాలావరకు అదే.

ఫ్రెంచి వైమానిక దళం 1934లో స్వతంత్ర సైనిక విభాగమైనది. పదాతి, నౌకా దళాలకు ఉన్నట్లు శతాబ్దాల యుద్ధచరిత్ర దీనికి లేదు. అందువలన తొలి చోదకుల జ్ఞాపకమే దీనికి సంప్రదాయంగా మారింది. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 11న అన్ని వైమానిక స్థావరాలలో సైనికుల ఎదుట, గీన్మేర్ మరణానంతరం వెలువడిన అధికారిక ప్రశంసాపత్రాన్ని చదివి వినిపిస్తారు. సలోన్-ద-ప్రొవాన్స్‌లో ఉన్న వైమానిక దళ అధికారుల శిక్షణ పాఠశాల, గీన్మేర్ ధ్యేయవాక్యమైన ఫేర్ ఫాస్ (ఎదురొడ్డి నిలుచుట అని అర్థం) అన్న మాటను తన ధ్యేయవాక్యంగా స్వీకరించింది. దిజోన్ నగరం వద్ద ఉన్న 102వ వైమానిక స్థావరానికి ఇతని పేరు పెట్టారు. ఆ స్థావరాన్ని 2016లో మూసివేశారు.

స్థావరం పోయినా కొంగలు మిగిలాయి. కొంగల దళపు వారసత్వం రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని 329వ స్క్వాడ్రన్‌కు, యుద్ధానంతరం దిజోన్‌లోని యుద్ధ విమాన స్క్వాడ్రన్‌కు సంక్రమించింది. సిగోన్య్ (కొంగలు) అన్న పేరు గల ఆ స్క్వాడ్రన్ తరువాత ల్యుక్సోయ్ స్థావరానికి మారింది. అక్కడ ఇది నడిపే మిరాజ్ 2000-5 విమానాలు, భారత వైమానిక దళంలో వజ్ర పేరుతో ఉన్న మిరాజ్ 2000 కుటుంబానికి చెందినవే. శబ్దవేగాన్ని మించి పోయే విమానపు తోక మీద గుడ్డ, కర్రలతో చేసిన విమానాల నాటి కొంగ బొమ్మ ఉండడం చూపరులకు వింతగా తోచవచ్చు.

ఫాంక్ కంటే గీన్మేర్‌కే ఎక్కువ గౌరవం దక్కడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. ఫాంక్ యుద్ధం తరువాత 1953 వరకు జీవించి రాజకీయాలలో, వివాదాలలో చిక్కుకొన్నాడు. గీన్మేర్ వయసు 22 వద్దనే ఆగిపోయింది.

ఇతర స్మారకాలు

1923లో పూల్‌కాపెల్ గ్రామకూడలిలో ఒక స్మారక స్తంభాన్ని నిర్మించారు. దాని శిఖరాన ఎగురుతున్న కొంగ ఉన్నది. కొంపియేన్‌లో ఇతని విగ్రహం, పారిస్‌లో లక్సెంబర్గ్ ఉద్యానవనం పక్కన ఇతని పేరుతో వీధి ఉన్నాయి. 1940లో ఫ్రాన్సు 50 ఫ్రాంకుల తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఇతడు నడిపిన స్పాడ్-7 విమానాలలో ఒకటి పారిస్ సమీపంలోని లె బుర్జే విమాన ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. స్పాడ్ విమానాలకు ఇంజన్లు తయారుచేసిన హిస్పానో-సుయిజా సంస్థ, యుద్ధం తరువాత తన ఖరీదైన కార్ల ముందుభాగాన ఈ దళపు కొంగనే ఆభరణంగా అమర్చింది.

ఇతర దేశాలలో

తొలి చోదకులను స్మరించే పద్ధతి దేశదేశానికీ వేరు. జర్మనీ తన వైమానిక విభాగాలకు రిష్టోఫెన్, బోల్కె, ఇమ్మెల్‌మాన్ పేర్లు పెట్టుకొన్నది. అయితే రెండవ ప్రపంచ యుద్ధ కాలపు చోదకుడైన మోల్డర్స్ పేరును, స్పెయిన్ అంతర్యుద్ధంలో అతని పాత్ర కారణంగా, 2005లో తొలగించింది. ఇటలీలో ఫ్రాన్సిస్కో బరాకా విమానం మీద ఉండిన దూకే గుర్రం నాలుగవ వైమానిక విభాగానికి చిహ్నమైనది. ఫెరారీ కార్ల గుర్రం కూడా అదే. బ్రిటిష్ దళంలో పది విజయాలు సాధించి, 1918 జూలై 22న 19 ఏళ్ళ వయసులో ఫ్రాన్సులో మరణించిన భారతీయుడు ఇంద్రలాల్ రాయ్ స్మారకంగా భారత తపాలా శాఖ 1998లో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఇతని సమాధి ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామ శ్మశానంలో ఉన్నది.