సమావర్తనం: ఆంధ్రరత్న తిరిగివచ్చిన దారి

ఉస్మాన్‌సాగర్ తీరాన వెలసిన చిలుకూరు బాలాజీ సన్నిధికి మీరు వెళ్లి ఉంటే, చేతిలో చీటీ పట్టుకొని ప్రదక్షిణలు లెక్కించుకునే యువతీయువకులను చూసే ఉంటారు. కోరిక విన్నవించుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. విదేశీ విద్య కోసం మొక్కుకునేవారు ఎక్కువ కావడంతో స్వామికి వీసా బాలాజీ అన్న పేరు కూడా వచ్చింది. అయితే వెళ్లడానికి మొక్కుకున్నంతగా తిరిగిరావడానికి మొక్కుకునేవారు అరుదు. చదువు ముగించి వచ్చిన బిడ్డకు హారతి ఇచ్చిన ఇంట్లోనే, మరునాడు ఎందుకు వచ్చేశావన్న ప్రశ్న పుడుతుంది. మొయినాబాద్, చేవెళ్ల పల్లెలకైనా, మరే ఊరికైనా ఇది ఒక్కటే కథ. వచ్చినవాడికి అమ్మ చేతి ముద్ద తీయనే, కానీ ఊళ్లో తన చోటు ఏదో తెలియని వెలితి కూడా ఆ ముద్దతోపాటే గొంతులో పడుతుంది.

మన పెద్దలు ఈ తిరిగిరాకను చిన్న విషయంగా ఎంచలేదు. షోడశ సంస్కారాలలో సమావర్తనం ఒకటి. ఆ మాటకు అర్థమే మరలిరావడం. గురుకులంలో అధ్యయనం ముగించిన బ్రహ్మచారి మంగళస్నానం చేసి, స్నాతకుడై ఇంటికి మరలుతాడు. నేడు వివాహానికి ముందు జరిపించే స్నాతకం దానికి మిగిలిన రూపమే. మనిషి దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడని వేదం చెబుతోంది. నేర్చిన విద్యను మరొకరికి అందించినప్పుడే ఋషిఋణం తీరుతుందని పెద్దల మాట. కనుక గడప దాటి లోపలికి వచ్చినంత మాత్రాన సమావర్తనం పూర్తి కాదు. ఈ సత్యాన్ని తన జీవితంతో చూపిన మహనీయుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో కోదండరామస్వామి, సీతమ్మ దంపతులకు జన్మించారు. పుట్టిన మూడోనాడే తల్లి, మూడేళ్ల వయసులో తండ్రి కన్నుమూశారు. నాయనమ్మ, పినతండ్రి పెంపకంలో పెరిగారు. గుంటూరులో చదివి, బాపట్ల తాలూకా కచేరీలో ఏడాదిపాటు ఉద్యోగం చేశారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండుకు ఓడ ఎక్కారు. సముద్రం దాటి వచ్చినవారు ప్రాయశ్చిత్తం చేసుకోవాలని అనేక కుటుంబాలు పట్టుబట్టిన కాలమది.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆయన అర్థశాస్త్రంలో ఎం.ఎ. పట్టా పొందారు. కానీ ఆయన వెంట తెచ్చుకున్నది పట్టా ఒక్కటే కాదు. భారతీయ కళాతత్త్వవేత్త ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథాన్ని 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. పరాయిగడ్డపై చదువు మనవాళ్లను మనకు దూరం చేస్తుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. దూరాన నిలిచి చూసినప్పుడు స్వగృహం మరింత స్పష్టంగా కనబడడమూ ఉంది.

ఇంత చదివి వచ్చినవారికి స్వదేశంలో దారి సుగమమైందా? కాలేదు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో ఉపన్యాసకులుగా చేరారు, అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు వెళ్లారు, అక్కడా నిలవలేదు. కొలువు ఉన్నా కుదురు లేదు. ఓడ దిగి వచ్చినా ఆయన సమావర్తనం ఇంకా ముగియలేదన్నమాట.

చీరాలలో అది ముగిసింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చడంతో పన్నులు అనేక రెట్లు పెరిగాయి. నేతపనివారు, రైతులు ఆ భారం మోయలేమని మొరపెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్య వారి పక్షాన నిలిచారు. శ్రీరామభక్తులైన ఆయన స్వచ్ఛంద సేవకులను కూడగట్టి రామదండు అని పేరుపెట్టారు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సమావేశంలో ఆ దండు సేవలందించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు సూచించారు. అహింసాయుతంగా పన్ను నిరాకరించడం ఒకటి, ఊరు విడిచిపోవడం రెండవది. ప్రజలు రెండవదాన్ని ఎంచుకున్నారు.

సుమారు 15,000 జనాభాలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ నివాసమే రామనగరం. వనవాసానికి బయలుదేరిన రాముని వెంట అయోధ్యావాసులు తమసా తీరం వరకు నడిచారని రామాయణంలో చదువుకున్నాం. ఇక్కడ ఊరు ఊరే ఎండకూ వానకూ ఓర్చి దాదాపు 11 నెలలు నిలిచింది. ఇంతలో బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలుశిక్ష పడింది. నాయకుడు దూరమైన ప్రజలు చివరకు బరువైన హృదయాలతో పాత ఇళ్లకు మరలారు. పురపాలక సంఘం మాత్రం అలాగే నిలిచింది. సొంత ఇంటికి చేరిన ఊరట, ఓడిన బాధ కలగలిసిన ఆ మరలిరాకను ఊహించుకోండి.

శిక్ష ముగిసిన తరువాత కూడా ఆయన చీరాలను విడవలేదు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి ద్వారా సంగీత సాహిత్యాల, జానపద కళల పునరుజ్జీవనానికి పాటుపడ్డారు. సంపాదించుకున్నది లేదు. క్షయవ్యాధి పీడించగా 1928 జూన్ 10న, 39 ఏళ్లకే పరమపదించారు. లోకం దృష్టిలో ఇది నష్టపోయిన జీవితమే కావచ్చు. కానీ పుట్టి మూడేళ్లకే తల్లీతండ్రీ లేనివాడైన ఆయనను ఆంధ్రదేశమంతా తన బిడ్డగా చెప్పుకొని ఆంధ్రరత్న అని పిలిచింది. ఋషిఋణం తీర్చుకున్నవారికి దక్కే స్థానం అది.

తల్లిదండ్రులారా! మీ పిల్లలు తిరిగివస్తే ఎందుకు వచ్చావని అడగవద్దు. ఏమి తెచ్చావని కూడా అడగవద్దు. ఏమి నేర్చావు, అది ఇక్కడ ఎవరికి పనికివస్తుందని అడగండి. కుదురుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వండి, ఎందుకంటే గోపాలకృష్ణయ్యవంటివారికే అందుకు రెండు కొలువులు, కొన్నేళ్లు పట్టాయి. వచ్చిన బిడ్డలారా! మీ మనసులోని వెలితిని దోషంగా భావించకండి. చేవెళ్ల దారికి తరతరాలుగా నీడనిచ్చిన మర్రిచెట్లను తలచుకోండి. దూరంగా చాచిన కొమ్మ నుంచే ఊడ దిగుతుంది. నేలను తాకేవరకు అది గాలిలో ఊగుతూనే ఉంటుంది. తాకిన తరువాత చెట్టునే మోస్తుంది.